కుడి మలుపులో ఆనవాలు

2081లో కాకినాడ రైతుబజారుకు వెళ్లినవాళ్లు కూరగాయలతోపాటు తమ ఒంటి సంగతులు కూడా తెలుసుకుని ఇంటికి వచ్చేవారు. వంకాయల కొట్టు పక్కన గుండె యంత్రం, అరటికాయల గెలల వెనక కిడ్నీల యంత్రం ఉండేవి. వేలు పెడితే చీమ కుట్టినట్టు చురుక్కుమనేది. ఒక చుక్క నెత్తురు లోపలికి వెళ్లేది, మనిషి గొంతుతో జవాబు బయటికి వచ్చేది. "కాలేయం బాగానే ఉందండి, నూనె మాత్రం తగ్గించుకోండి" అని యంత్రం చెబితే, "ఆయ్, అలాగేనండి" అని జనం నేరుగా బజ్జీల బండి వైపు నడిచేవారు.

ఒక్క పెద్దపేగుకే యంత్రం లేదు. పేగు క్యాన్సర్ ముదిరితే రక్తంలో తెలిసేది కానీ, ముదిరాక తెలిసి ఏం లాభం? మొలకగా ఉన్నప్పుడే పట్టుకోవాలంటే పాతకాలం పద్ధతే గతి. ఒక పూటంతా పస్తుండి, పేగు కడిగే మందు తాగి, బల్లమీద పడుకుని కెమెరా గొట్టం వేయించుకోవాలి. మింగితే లోపల ఈదుకుంటూ వెళ్లే కెమెరా మాత్రలు వచ్చాయి గానీ, పెద్దపేగు మొదలయ్యే కుడివైపు మడతల చాటున చాపలా పరుచుకుని ఉండే మచ్చలను అవి చూడకుండానే దాటిపోయేవి.

ఆ మచ్చలను తప్పిపోనివ్వని చెయ్యి ఒకటుంది. అది డాక్టర్ తాయారుది. ఆమె గొట్టం వేస్తే పేగు దాచుకున్నదంతా కక్కేస్తుందని పేరు. ఆమె గది ముందు వరస మెట్లు దిగి వాకిట్లోకి వచ్చేది, కిటికీలోంచి ఆ వరసను చూసుకుంటే గాని ఆమెకు ఉదయం కాఫీ రుచించేది కాదు. చెయ్యి అంత గొప్పదైనప్పుడు కాస్త గర్వం ఉంటే తప్పేమిటి అనేవారు అందరూ. నిజమే, మణిమాల యంత్రం వచ్చేదాకా ఆ గర్వం ఎవరికీ అడ్డం రాలేదు.

మణిమాల, తాయారు మెడికల్ కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవారు. పరీక్షల్లో తాయారు మొదట, మణిమాల తరవాత. చదువయ్యాక మణిమాల రోగుల జోలికి పోకుండా ప్రయోగశాలలో కూర్చుంది. ఇరవయ్యేళ్లపాటు తాయారు ఆమెను తలుచుకున్నప్పుడల్లా "పాపం మణి" అనుకునేది. జాలి పడటంలో ఓ సుఖముంది, పైమెట్టు మనదే అవుతుంది. ఆ పైమెట్టు మీంచి దిగమంటే ఎవరికైనా కష్టమే.

కొత్త యంత్రాలకు అనుమతిచ్చే వైద్యయంత్రాల పరిషత్తులో మణిమాల తన యంత్రాన్ని చూపించిన రోజున అందులో ఓటున్న పేగుజబ్బుల నిపుణురాలిగా తాయారు ముందు వరసలోనే కూర్చుంది.

"గడ్డ బియ్యపుగింజంత ఉన్నప్పుడు రక్తంలోకి అది వదిలే డీఎన్ఏ తునకలు చాలా తక్కువండి," అని మొదలుపెట్టింది మణిమాల. "ఇన్నాళ్లూ అందరం వాటికోసమే వెతికాం. నేను దొంగని వెతకడం మానేసి, దొంగని చూసి మొరిగిన కుక్కల్ని వెతికాను. మన తెల్లకణాలు పేగు గోడల్లో కాపలా తిరుగుతుంటాయి కదా. చెడిపోయిన కణాన్ని తాకిన తెల్లకణం డీఎన్ఏ మీద మిథైల్ అనే రసాయనపు చిన్న చిన్న ముద్రలు పడతాయి. అవే మన జీవసూచికలు. ఈ యంత్రం వాటిని చదువుతుంది. గడ్డ ఏవైపు ఉందో కూడా చెబుతుంది. దీని పేరు ఆనవాలు."

సభ చప్పట్లు కొట్టింది. తాయారు కూడా కొట్టింది, అరచేతులు ఒకదానికొకటి సరిగా తగలకుండా. ఆమెకు కనబడింది తెల్లకణాలు కాదు, బోసిపోయిన తన వాకిలి. నాతో సమానంగా కూర్చున్నది, నా తరవాత నిలబడ్డది, ఒక చుక్క నెత్తురుతో నా చేతిని పక్కన పెట్టేస్తుందా అని ఆమె కడుపు భగ్గుమంది.

అనుమతికి ముందు గుడ్డి పరీక్ష ఉంటుంది. రోగులవి, ఆరోగ్యవంతులవి కలిపి అంకెలు మాత్రమే వేసిన రక్తనమూనాలు యంత్రానికి ఇవ్వాలి. వాటిని సమకూర్చే పని తాయారుకే పడింది. ఆరోగ్యవంతుల్లో ఒకాయన ఆ రోజు రాలేదు. ఏం ఫరవాలేదనుకుని తాయారు తన చెయ్యే చాపింది. నెల కిందటే ఆమె శిష్యురాలు డాక్టర్ సలీమా గొట్టం వేసి, "మీ పేగు అద్దంలా ఉంది మేడమ్" అని చెప్పింది. అంతకంటే శుభ్రమైన నెత్తురు ఎక్కడ దొరుకుతుంది?

ఆనవాలు అన్ని నమూనాలూ సరిగ్గా చెప్పింది, ఒక్కటి తప్ప. పదకొండో నమూనా దగ్గర అది, "పెద్దపేగు, కుడివైపు, తొలిదశ" అంది.

పదకొండో నమూనా తాయారుదే. ఆ మాట వినగానే ఆమెకు భయం వేయలేదు, పండగైపోయింది. ఇంటికెళ్లి వంటమనిషి చేత పాయసం చేయించుకుని రెండు గిన్నెలు తాగింది.

మర్నాడు పరిషత్తులో లేచి నిలబడింది. "పదకొండో నమూనా నాదేనండి. నాకు క్యాన్సరంట! నెల కిందటే గొట్టం వేయించుకున్నాను, మచ్చుకైనా ఏమీ లేదు. లేని జబ్బుని ఉందని చెప్పి ఊరందరి గుండెలూ ఆపేసే యంత్రాన్ని బజార్లో పెడదామా? మీరే చెప్పండి."

సభలో నవ్వులు లేచాయి. మణిమాల నవ్వలేదు. ఆమె ముఖం పాలిపోయింది. యంత్రం సంగతి మరిచిపోయినట్టు నేరుగా తాయారు దగ్గరికి వచ్చింది.

"తాయారూ, గొట్టం ఎవరు వేశారే?"

"మా సలీమా. చక్కగా వేస్తుంది."

"కుడి మలుపులో నీలాగే చూస్తుందా?"

తాయారు జవాబు కోసం సలీమా వైపు తిరిగింది. సలీమా పక్కనే ఉంది. తల వంచుకుని నెమ్మదిగా అంది.

"కుడి మలుపు రాగానే మేడమ్ నన్ను బయటికి పంపేస్తారండి. ఒకసారి సిరంజిలంటారు, ఒకసారి టీ అంటారు. నేను తిరిగొచ్చేసరికి అయిపోతుంది. ఆరేళ్లయిందండి, అక్కడ మేడమ్ ఏం చేస్తారో నేనెప్పుడూ చూళ్లేదు."

నిజానికి ఆ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. వంటవాడు అందర్నీ పంపేసి పులుసులో పొడి వేసుకున్నట్టు, తాయారు తన కిటుకును పదిలంగా దాచుకుంది. ఇంకొకరికి వస్తే తన వరస తరిగిపోతుందని దాచింది. ఇప్పుడు ఆ కిటుకు తెలిసిన ఒకే ఒక్క మనిషి తన పేగులోకి తను చూసుకునే వీల్లేదు.

"అంటే... అది ఉండొచ్చంటావా మణీ?" అంది తాయారు.

"యంత్రం పోతే పోయింది. ముందు నువ్వు బల్లెక్కు," అంది మణిమాల.

వారం తిరక్కుండానే తాయారు బల్లమీద పడుకుంది. మత్తు వద్దంది, మత్తిస్తే చెప్పేవాళ్లెవరు? తెర తన ముఖానికి ఎదురుగా పెట్టించుకుంది. సలీమా గొట్టం పట్టుకుంది, మణిమాల తాయారు చెయ్యి పట్టుకుంది. కుడి మలుపు రాగానే సలీమా అలవాటుగా తలుపు వైపు చూసింది.

"ఎక్కడికే? ఉండు," అంది తాయారు. ఒక్క క్షణం పళ్లు బిగపట్టింది. చెప్పకపోతే ప్రాణం పోతుంది, చెబితే కిటుకు పోతుంది. ఆ క్షణం నిజంగానే ఎటూ తేల్చుకోలేకపోయింది. చివరికి ప్రాణమే నెగ్గింది. "గాలి తీసెయ్. నీళ్లు నింపు. ఇంకా. ఇప్పుడు నన్ను ఎడమవైపుకి తిప్పండి. గొట్టం కొనని వెనక్కి వంచు, వెనక్కి! మనం దాటొచ్చిన మడతల వీపు చూడాలి. ఊపిరి వదులుతున్నాను, మడత తెరుచుకుంటుంది చూడు."

మడత తెరుచుకుంది. దాని వీపున పాలమీగడ పొరలాంటి పలచని మచ్చ అంటుకుని ఉంది.

"కనబడింది మేడమ్!" అంది సలీమా. మచ్చ కిందికి మందునీరు ఎక్కించి, అది పొంగగానే తీగ వలయంతో కోసి తీసేసింది. మణిమాల కళ్లు తుడుచుకుంది.

అంతటితో అయిపోవాల్సింది. కానీ సలీమా గొట్టాన్ని ఇంకాస్త మెలితిప్పి, చిన్నపేగు వచ్చి కలిసే పెదవి వెనక్కి పంపింది. అక్కడ తాయారు ఏనాడూ చూసి ఎరగదు. అక్కడ ఇంకో మచ్చ ఉంది, సలీమా దాన్నీ కోసి తీసేసింది.

"అలా తిప్పొచ్చని నీకెవరు చెప్పారు?" అంది తాయారు.

"ఎవరూ చెప్పలేదండి. మీరు చెప్పింది చేస్తుంటే చెయ్యి దానంతటదే తిరిగింది."

తాయారు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడవకే, గండం గడిచిందిగా," అని మణిమాల ఆమె తల నిమిరింది. తాయారు అవునన్నట్టు తల ఊపింది.

పరిషత్తులో ఆనవాలుకు మొదటి ఓటు తాయారే వేసింది. ఆ మర్యాద ఆమె తప్పలేదు. వానాకాలం వచ్చేసరికి యంత్రం రైతుబజారులోకి దిగింది. దాంతో ఆసుపత్రికి వచ్చేవాళ్లు తగ్గలేదు సరికదా నాలుగింతలయ్యారు, ఎందుకంటే ఆనవాలు గడ్డ ఉందని చెబుతుంది గాని దాన్ని కోసి తీయలేదు కదా. అయితే వచ్చినవాళ్లంతా గుమ్మంలో ఒకే మాట అడిగేవారు: "తాయారుగారి పేగునే బాగుచేసిన డాక్టరమ్మగారు ఎక్కడుంటారండి?"

ఒక ఉదయం మణిమాల తాయారును బజారుకు లాక్కొచ్చింది, జబ్బు పూర్తిగా పోయిందో లేదో తేల్చుకోవాలిగా అంటూ. తాయారు వేలు పెట్టింది. చురుక్కుమంది. బజారు గోడకు ఆవలే ఆసుపత్రి. అక్కడ సలీమా గది ముందు వరస మెట్లు దిగి, గొడుగులు వేసుకుని, గేటు దాకా వచ్చింది. దాని పక్కన తాయారు గది ముందు వరస చూరు కిందే ఇమిడిపోయింది. తాయారు ఆ గొడుగులను ఒక్కొక్కటిగా చూస్తోంది. గుండెలో ఎవరో నిప్పుల కుంపటి పెట్టి విసురుతున్నట్టుంది.

"అభినందనలండి," అంది ఆనవాలు తియ్యగా. "మీ ఒంట్లో ఏ దోషమూ లేదు."

"విన్నావా? నా యంత్రం ఒక్కసారైనా తప్పు చెప్పిందా?" అంటూ మణిమాల ఆనందంతో ఆమెను కావలించుకుంది.

ఇప్పుడే తప్పు చెప్పిందని తాయారుకు తెలుసు, గుండెలోని ఆ కుంపటిని అది కనిపెట్టలేకపోయింది. ఆ మాట పైకి అనలేక, గొడుగుల వరస కనబడకుండా కళ్లు మూసుకుంది.