రాందాస్ తూము కాడ నీలి నీళ్లు

బాన్సువాడ నుంచి కాలువగట్టు పట్టుకుని మా క్యాంపు, అదే కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు, దాటితే ఒక తూము వస్తుంది. దాని పేరు రాందాస్ తూము. పొద్దుగూకాక ఆ పేరు ఎత్తారో... నాలుక మడతపడి తెల్లారేదాకా విచ్చుకోదు.

తూము పక్కనే లష్కర్ క్వార్టరు. కాలువ షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగిని లష్కర్ అంటారు ఇక్కడ. రాందాస్ బతికినన్నాళ్లూ చివరి చేనుకి నీళ్లు పారకుండా ముద్ద ముట్టలేదట. ఒక వరద రాత్రి షట్టరు తిప్పబోయి కాలువలో పడిపోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో మనిషి లేడు, దీపం లేదు, కరెంటు తీగ కూడా కోసేశారు.

అయినా రాత్రిళ్లు గట్టుమీద ఎవరన్నా నడిస్తే ఒక గొంతు అడుగుతుందట —

"ఎవల వంతు?"

నేను ఉన్నదే చెబుతాను, పిసరంత కూడా కలపను. ఆ దారిన పోయిన బర్రె ఒకటి మూడు రోజులు పాలకు బదులు పెరుగు పిండింది. గడ్డపెరుగు! రుద్రూర్ పెళ్లివారి ట్రాక్టరు తూము దాకా వచ్చి, డ్రైవరు దిగి పారిపోతే, దానంతటదే వెనక్కి తిరిగి రుద్రూర్ పోయింది. పెళ్లికూతురు అందులోనే ఉంది పాపం.

ఇక ఈ యాసంగి పంటకాలంలో దెయ్యం కొత్త విద్య నేర్చింది. పరాయి భాషలు మాట్లాడుతోంది...

తండా గోప్యాకి కాలువ చిట్టచివర ఎకరన్నర వరి ఉంది. పొట్టకొచ్చిన పైరు చూలాలితో సమానం, దాహమంటే ఆగలేదు. నేల నెర్రెలిచ్చింది. అతని వంతు నీళ్లు ఆ రాత్రికే పడ్డాయి. కోడికూసేలోగా షట్టరు ఎత్తుకోకపోతే వంతు పక్కవాడికి పోతుంది. మళ్లీ వంతు వచ్చేసరికి అది వరి కాదు, పశువుల మేత.

ఇప్పటి లష్కర్ రాత్రిపూట అటు రానని దండం పెట్టి, షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు గోప్యా చేతిలో పెట్టాడు. అది లేకుండా ఆ షట్టరును ఏనుగుల గుంపు కూడా కదపలేదు. గోప్యా పెళ్లాం సోనాబాయి మొగుడి నడుముకి నిమ్మకాయ కట్టి, "నువ్వు పోకుంటే చెప్పు, నేనే పోత" అంది. ఆ మాట పడ్డాక ఏ మొగాడు ఇంట్లో కూర్చుంటాడు?

తర్వాతిదంతా గోప్యా నాకు చెప్పిందే.

అమావాస్య చీకటి. హ్యాండిలు భుజాన వేసుకుని గట్టెక్కాడు. క్వార్టరు దగ్గర పడుతుంటే కప్పలు ఒక్కసారిగా నోరు మూశాయి.

కూ...య్య్... అని ఒక ఈల. సన్నగా లేచి, జారి, ఆగింది.

మగగొంతు ఒకటి మాట్లాడింది. తెలుగు కాదు, తండా మాట కాదు, జుక్కల్ వైపు వినబడే మరాఠీ కాదు. గరగరా చప్పుడు. తర్వాత ఎవరో ఆడమనిషి పాడింది... ఆమె పాడుతుండగానే ఇంకెవడో నవ్వాడు.

గోప్యా కిటికీలోంచి తొంగి చూశాడు.

గోడమీద నీళ్లు! నీలంగా, పసుపు చారలతో, పైనుంచి కిందికి పారుతూనే ఉన్నాయి. చప్పుడు లేదు... కింద చుక్క తడి లేదు... నీళ్లకోసం ప్రాణం పోతున్నవాడికి అలాంటి నీళ్లు చూపిస్తుందా ఆ దెయ్యం!

వెనక్కి అడుగేశాడు. తలమీద ఏదో రెపరెపలాడింది.

తెల్లగా. తల లేదు. కాళ్లు లేవు...

గోప్యా మా ఇంటి తలుపు దగ్గర ఆగాడు. మధ్యలో నేల తగల్లేదంటాడు.

నేను ఒంటరిగా ఉన్నాను. మా ఆయన బసవపున్నయ్య గారు అడవిపందుల కాపలాకని నెలరోజులుగా రాత్రిళ్లు పొలం దగ్గరే పడుకుంటున్నారు. నాకు ఆ నెలలో దెయ్యాలకంటే దొంగల మీద కోపం ఎక్కువ. పెరట్లో బట్టలారేసే తీగని ఎవడో ఊడదీసుకుపోయాడు, ఆరేసిన గుడ్డతో సహా!

"అవ్వా... తలకాయ లేదే అవ్వా... కాళ్లు లెవ్వు..." గోప్యా పళ్లు టకటకలాడుతున్నాయి.

"మరి ఏముందిరా?"

"నడుము ఉన్నది... నాడ గూడ ఏలాడుతుండె."

నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "దెయ్యానికి నాడా ఎందుకురా అబ్బీ?"

"నాకేమెరుక? జారిపోతదని కట్టుకున్నదేమో!"

"పద," అన్నాను, చీపురూ టార్చీ తీసుకుని. "పైరు ఎండితే ఆ దెయ్యం వండిపెడుతుందా నీ పిల్లలకి? ముందు నువ్వు నడువు."

"నువ్వే నడువు అవ్వ. పెద్దదానివి."

క్వార్టరు చేరాం. ఈలలు, గరగర... ఆ గరగరలోంచి ఒక కొత్త చప్పుడు —

టిక్... టిక్... టిక్...

టార్చి పైకి కొట్టాను. వేపచెట్టు నుంచి కిటికీ దాకా తీగ. తీగకి నా ఎర్ర క్లిప్పులు. క్లిప్పులకి... చిరుగు దగ్గర నేనే మాసికేసిన నా తెల్ల లంగా!

తలుపు తన్నాను. ఊడి లోపల పడింది.

"ఎవడ్రా నా లంగా ఎత్తుకొచ్చిన దెయ్యం?"

ల్యాప్‌టాప్ వెలుగులో నీలంగా మెరుస్తూ, బాసింపట్టు వేసుకుని కూర్చున్న దెయ్యం నెమ్మదిగా తలెత్తింది.

"రత్నం... నువ్వా?"

మా ఆయనే!

ల్యాప్‌టాప్‌కి బొటనవేలంత డబ్బీ గుచ్చి ఉంది. ఎస్‌డీఆర్ అట, కంప్యూటరుకి గుచ్చుకునే రేడియో, రెండు కోడిపెట్టల ధరకి వచ్చిందట. దానికి తీగ తగిలిస్తే షార్ట్‌వేవ్‌లో సముద్రాల అవతలి స్టేషన్లన్నీ పలుకుతాయట. గోడమీద పారేది దాని బొమ్మ, చిన్న ప్రొజెక్టరుతో పెద్దది చేసి వేసుకున్నారు. ఏ స్టేషను ఎక్కడుందో ధారలు కట్టి చూపిస్తుంది.

"ఇంట్లో వినకూడదా ఈ సంబడం?"

"నీ ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టరు, టీవీ — అన్నీ కలిసి ఇందులో జుయ్యిమంటాయే. ఇక్కడ కరెంటు లేదు, గాలి నిర్మలం. పైగా నీ గురక లేదు."

"నా లంగా?"

"చీకట్లో తీగ ఎవరి మెడకన్నా కోసుకుంటుందేమోనని, గుర్తుకి ఉంచేశాను."

గోప్యా గోడకి జారగిలబడి పడీపడీ నవ్వాడు. "తాతా, నీ గుర్తుకు నా పానం పోతుండె గదనే!"

"అన్నీ బాగున్నాయి గానీ, ఈ టిక్కుటిక్కు ఒక్కటే ఇందాకట్నుంచి చంపుతోంది," అన్నారు మా ఆయన. "గోప్యా, నీ పందుల కంచెకి షాకు కొట్టే ఝట్కా మిషనుంది కదూ? అది కొట్టినప్పుడల్లా రేడియోలో టిక్కుమంటుంది. కాసేపు ఆపరా బాబూ."

గోప్యా నవ్వు ఆగిపోయింది.

"నా మిషను ఖరాబై పదిహేను దినాలైతుంది తాతా. ఇంట్ల పడున్నది."

మా ఆయన రేడియో కట్టేశారు. గోడమీది నీళ్లు ఆరిపోయాయి. చీకటి.

టిక్... టిక్... టిక్...

రేడియోలోంచి కాదు. బయట్నుంచి. తూము వైపు నుంచి... తుప్పుపట్టిన పళ్లచక్రం ఒక్కొక్క పన్నే తిరుగుతున్నట్టు.

ఆగింది.

ఆ వెంటనే భళ్లున నీళ్ల హోరు.

ముగ్గురం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెళ్లాం. షట్టరు పైకెత్తి ఉంది. గోప్యా చేనికి పోయే పిల్లకాలువ నిండా నీళ్లు, అంచులు ఒరుసుకుంటూ. గోప్యా మోకాళ్లమీద కూలబడి చెయ్యి ముంచాడు. చల్లగా, తడిగా... అసలు నీళ్లే.

"ఎవరు తిప్పారు?" టార్చి షట్టరు మీద కొట్టాను. "హ్యాండిలు ఎక్కడ పెట్టావురా?"

గోప్యా నెమ్మదిగా తల తిప్పి చూసుకున్నాడు.

"ఈడనే ఉన్నదవ్వ... నా భుజమ్మీదనే."

పైరు నిలబడింది. కంకులు నా మోచేతంత పొడుగు, అబద్ధమైతే సోనాబాయిని అడగండి. ఆమే కొత్తబియ్యం అన్నం మొదటి ముద్ద తీసుకెళ్లి తూము గట్టుమీద పెట్టి వచ్చింది.

మా ఆయన మాత్రం ఇప్పటికీ ఆ క్వార్టరుకే పోతున్నారు. భయం లేదా అంటే, తోడుంటే బాగానే ఉంటుంది కదే అంటారు. నడిరాత్రి చీకట్లోంచి "ఎవల వంతు?" అని వినబడగానే, బుద్ధిగా లేచి పక్కకి జరిగి కూర్చుంటారట.

స్టేషను దానంతటదే మారుతుందట.