కొలిచి చూసుకోనివాడు

స్పోకేన్‌లో హోటల్ మెట్లు దిగుతూ ప్రొఫెసర్ బర్తా టోపీ సర్దుకున్నాడు. అదే ఆఖరు. నాలుగొందల గజాల అవతల నీళ్ల ట్యాంకు మీంచి వచ్చిన ఒక్క తూటా ఆయన్ని ఆ మెట్లమీదే పడుకోబెట్టింది.

మర్నాడు పొద్దున్నే బ్యూట్ పట్నంలో, ఇనుప సామాన్ల కొట్టు మీది గదిలో, కల్నల్ హాబ్స్ పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి తొడుగొకటి బల్లమీద నిలబెట్టాడు. హంతకుడి రైఫిల్ లోంచి ఎగిరి ట్యాంకు మెట్ల సందులో ఇరుక్కున్న తొడుగది.

"బర్తాతో కలిసి బుడాపెస్ట్ నుంచి పారిపోయి వచ్చిన డాక్టర్ ఇలోనా శనివారం మూడూ నలభైకి ఇక్కడే రైలెక్కుతుంది. వాడూ వస్తాడు. వాడి పేరు తెలీదు, మొహం తెలీదు. మన చేతిలో ఉన్నది ఇదొక్కటే."

ఏజెంట్ రోస్కో టిల్‌మన్ భూతద్దం అందుకున్నాడు. వంటింటి బల్ల దగ్గర తండ్రి పక్కన కూర్చుని ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు నింపి తూటాలు చేస్తూ పెరిగినవాడు. పేలిన ప్రతిసారీ ఇత్తడి కాస్త సాగుతుంది. సాగిన మూతిని కోసి సరిచేయందే మళ్లీ నింపకూడదు. ఆ కోతని చూస్తే కోసిన పనిముట్టేదో చెప్పొచ్చు.

"ఆకురాయితో రాస్తే గీతలు అడ్డంగా పడేవి. ఇవి గుండ్రంగా ఉన్నాయి. అంటే చేత్తో తిప్పి మూతి కోసే ట్రిమ్మర్. అడుగున అంచు మీద మూడు గాట్లున్నాయి చూడండి, మూడు దవడల పట్టు అది. యుద్ధానికి ముందే తయారీ ఆగిపోయిన మోడల్ సార్. మా నాన్నదీ అదే." రోస్కో తొడుగు మూతిని వెలుగులోకి తిప్పాడు. "ఇక్కడ సన్నటి గట్టు. కత్తి అంచు చిట్లింది. కొత్త కత్తి ఏ షాపులోనూ దొరకదు. గురువారం ఇక్కడి తుపాకుల సంతకి రాక తప్పదు వాడికి."

"వస్తే?"

"అలాంటి పాత కత్తులు మూడు అమ్మకానికి పెడతాను. ఎంత పొడవు దగ్గర ఆగాలో చెప్పే ఉక్కు ఉంగరం కూడా ఇస్తాను, అంకె ముద్ర కొట్టి. కానీ ఆ ఉంగరం అబద్ధం చెబుతుంది. తొడుగు కాస్త పొడుగ్గా మిగులుతుంది. అది రైఫిల్లో సరిగ్గా కూర్చోదు, వెనక బోల్ట్ మూసుకోదు."

"ఊళ్లో వాళ్లు కొంటేనో? బలవంతంగా మూసి, వాళ్ల చేతుల్లో రైఫిల్ పగిలితే?"

"ఈ ఊరివాళ్లు పక్కవాడి కొలత చచ్చినా నమ్మరు సార్. ముందు కాలిపర్ తీసి కొలుస్తారు, తర్వాత నన్ను తన్నడానికి వస్తారు. తిరిగి రానివాడే మనవాడు."

కిటికీ దగ్గర కోరిన్ వేల్ ఎర్రటి పెదాల మధ్య సిగరెట్ పెట్టుకుని నవ్వింది. హంతకుడి ముఠాలో ఉంటూ తమకి కబుర్లు మోసే మనిషని హాబ్స్ నమ్మకం. రెండిళ్ల ఉప్పూ తిన్న మనిషి ఏ ఇంటిదో ఎవరికి తెలుసు! రోస్కోకి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

గురువారం పెట్టుడు మీసం, కుంటి నడకతో రోస్కో సంతలో కూర్చున్నాడు. సాయంత్రానికి మూడు కత్తులూ పోయాయి. ఒకటి పశువుల ఆసామి ఎల్మోకి, ఒకటి స్కూలు మాస్టారికి, మూడోది బూడిదరంగు చేతితొడుగులవాడికి. మూడోవాడు బేరమాడలేదు. ముద్ర మీద అంకె చదివి, తలూపి, అడిగితే బస చిరునామా చెప్పి వెళ్లిపోయాడు.

శుక్రవారం సంత తలుపు తీయగానే ఎల్మో దిగాడు.

"ఏవయ్యా కుంటాయనా, ఉంగరమా ఇది? నా పెళ్లాం దొర్లించే రొట్టెల కర్ర కూడా ఇంతకన్నా సరిగ్గా ఉంటుంది! కొలవకుండా నింపుంటే నా కళ్లు పోయేవి. సిగ్గులేదూ?"

"తప్పయింది బాబాయ్."

"ఎవడ్రా నీకు బాబాయ్! చూపిస్తా నీ సంగతి."

మధ్యాహ్నం మాస్టారొచ్చి మర్యాదగా అవే తిట్లు తిట్టాడు. మూడోవాడు రాలేదు. మనుషుల్ని పంపితే సంతలో చెప్పిన బస చిరునామా కూడా అబద్ధమే.

ఆ సాయంత్రం కొట్టు మీది గదిలో ఇలోనా అడిగింది. "నన్ను కూడా చంపేస్తారు కదా?"

"నేనుండగా జరగదమ్మా." ఆ మాట అంటూనే రోస్కో మనసులో లెక్క వేసుకున్నాడు. ఉంగరం సంగతి తెలిసింది ముగ్గురికే. అందులో ఒకరు కోరిన్.

శనివారం మూడూ ముప్పై ఎనిమిది. వేషం తీయకుండానే రోస్కో ప్లాట్‌ఫారమ్ మీద కుంటుతున్నాడు. ఇలోనా రైలు వైపు నడుస్తోంది. పక్కనే కాపలాగా కోరిన్, మెడలో ఆకుపచ్చ స్కార్ఫ్.

కోరిన్ ఆగింది. మెల్లిగా స్కార్ఫ్ తీసేసి, రెండడుగులు పక్కకి జరిగింది.

అమ్మ దొంగా! రోస్కో కుంటడం మరిచి పరుగెత్తాడు. ఎదురుగా గోధుమ గిడ్డంగి పైకిటికీలో రైఫిల్ గొట్టం మెరిసింది. ఇలోనా మీద పడి ఆమెని నేలకి నొక్కేశాడు. ఒకటి... రెండు... మూడు...

తూటా రాలేదు.

గిడ్డంగి పైకి ఎగబాకిన హాబ్స్ మనుషులకి బూడిదరంగు చేతితొడుగులవాడు దొరికాడు. మూసుకోని రైఫిల్ బోల్ట్‌ని అరచేత్తో బాదుతున్నాడు, వెనకాల ఎవరొచ్చారో కూడా చూడకుండా.

చేతులకి బేడీలు పడుతుంటే కోరిన్ పళ్లు కొరికింది. "ఉంగరం అబద్ధమని చెప్పాను వాడికి! కొలుచుకో అన్నాను. ఏమన్నాడో తెలుసా? ముద్ర కొట్టి ఉందిగా అన్నాడు. వాళ్ల దేశంలో ఫ్యాక్టరీ ముద్ర కొట్టినదాన్ని కొలిచినవాడికి జైలేనట!"

రైలు కదిలింది. కిటికీలోంచి ఇలోనా చెయ్యి ఊపుతోంది. ఆ చెయ్యి కనుమరుగయ్యేదాకా చూసి, రోస్కో హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

భుజం మీద బరువుగా ఓ చెయ్యి పడింది. పోలీసు. పక్కన ఎల్మో, చేతిలో కాలిపర్.

"వీడేనండీ!" అన్నాడు ఎల్మో. "చూశారా, కుంటినడక కూడా దొంగ కొలతే!"