అనుమానానికి కోడ్ లేదు

ఆ ఉదయం వనపర్తి మీద మబ్బు కమ్మి ఉంది కానీ చినుకు పడలేదు. ఆసుపత్రి రికార్డుల గది తెరిచేసరికి, మెడకు చున్నీ చుట్టుకున్న ఒకమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పేరు నవనీత, ఊరు కోడేరు. ఆర్నెల్ల కింద మా దగ్గరే థైరాయిడ్ గ్రంథి తీసేశారట. గొంతు బొంగురుగా, సన్నగా వస్తోంది. వినడానికి ముందుకు వంగాను.

"ఈ కోడ్ రాసిందెవరు సార్?"

డాక్టర్లు రాసిన జబ్బులకు నంబర్లు వేయడం నా పని. ఆమె చాపిన కాగితం చివర నా పేరే ఉంది, అరవింద్ అని.

"నేనే."

"నాకు క్యాన్సర్ ఉన్నదని మీకెవరు చెప్పిండ్రు?"

గద్వాలలో ఒక బడిలో ఆమెకు టీచర్ ఉద్యోగం వచ్చింది. ఆరోగ్య కాగితం అడిగితే ఇది ఇచ్చింది. సోమవారంలోగా సరైనది తేకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు.

ఫైలు తీశాను. ఆపరేషన్‌కు ముందటి చీటీలో 'క్యాన్సర్ అనుమానం' అని ఉంది. తర్వాతి బయాప్సీలో క్యాన్సర్ లేదు, మామూలు గడ్డే. ఆ పేజీ ముందు పేజీకి అతుక్కుపోయింది. నేను విప్పి చూడలేదు. అనుమానాన్ని జబ్బుగా రాయొద్దని మాకు మొదటిరోజే నేర్పుతారు.

ఆ మాట ఆమెకు చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆమె కోప్పడలేదు. స్టూలు లాక్కొని కూర్చుంది.

"మరి సరైనదేంది? జర చూపియ్యి."

ఆపరేషన్ తర్వాత హార్మోన్ తగ్గినవాళ్లకు వేరే నంబరుందని చూపించాను. పాము కరిస్తే ఏ నంబరని, చెయ్యి విరిగితే ఏదని వరసగా అడిగింది. కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి అంటే నవ్వింది. చున్నీ జారింది. మెడ మీద సన్నటి గీత. నేను చూడడం ఆమె చూసింది. అయినా కప్పుకోలేదు.

డాక్టర్ చేత సరిచేయించి సంతకం తీసుకున్నాను. సోమవారం ఆమెతో గద్వాలకు పోయి, తప్పు నాదని హెడ్‌మాస్టర్‌కు చెప్పాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, హాజరు పుస్తకంలో ఆమె పేరు రాశాడు.

తిరుగు బస్సులో వాన మొదలైంది.

"కాగితం ఇస్తే నేనే తెచ్చుకుందు గదా. నువ్వెందుకొచ్చినవ్?"

నేను చేతిలోని టికెట్టు మడతపెట్టాను.

"అనుమానం రాయొద్దంటివి. ఖాయమైతెనే చెప్పు."

"ఖాయమే. నువ్వంటే ఇష్టం."

ఆమె కిటికీవైపు తిరిగింది. అద్దంలో నవ్వు కనిపించింది.

"గా మాట మా అమ్మకు చెప్పు."

ఆ సాయంత్రమే కోడేరులో వాళ్లమ్మ జంగమ్మకు చెప్పాను. ఆమె మాది ఏ ఊరని అడిగింది, ఇటిక్యాల అన్నాను.

"దాని గొంతు ఇగ గిట్లనే ఉంటదేమో బిడ్డా."

"దగ్గర కూసోని వింట."

ఆమె లేచి మూడో పళ్లెం పెట్టింది. పొద్దంతా మాట్లాడి నవనీత గొంతు పూర్తిగా పోయింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. ముగ్గురం తినడానికి కూర్చున్నాం. నా రొట్టె అయిపోవస్తుంటే, నవనీత తనదాంట్లో సగం తుంచి నా పళ్లెంలో వేసింది. జంగమ్మ చూసి, పప్పు గిన్నె నా వైపు జరిపింది.