మూడు గీతల సాక్ష్యం

మొదటి గుండు ప్రొఫెసర్ భుజంలో దిగింది. రెండోది మెడని చీల్చుకుపోయింది.

ఉదయం తొమ్మిదిన్నర. పరిశోధనశాల వెనక మెట్ల మీద, చేతిలోని ఐసుపెట్టె నేలను తాకకుండా గుండెకు హత్తుకుని కూలబడ్డాడాయన. పెట్టె లాక్కోవడానికి హంతకుడు వంగాడు. కాపలా మనిషి ఈల వేశాడు. మూడో గుండు ఆ కాపలా మనిషి మీద ఖర్చుపెట్టి, హంతకుడు గోడ దూకాడు.

పెట్టె మిగిలింది. అందులో నాలుగు గాజు గొట్టాల్లో నెత్తురుంది.

పది గంటలకు సీక్రెట్ సర్వీస్ చీఫ్ గదిలో ఏజెంట్ డేగ నిలబడి ఉన్నాడు. చచ్చిపోయిన ప్రొఫెసర్ అతని సొంత అన్న.

"కూర్చో," అన్నాడు చీఫ్.

"నిలబడే వింటాను సర్."

"నిన్న మన రాయబారి మీద కాల్పులు జరిగాయి. ఎల్లుండి యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఇప్పుడు ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నాడు. అరుదైన బ్లడ్ గ్రూపు. ఊరంతా జల్లెడ పడితే నాలుగు సంచులు దొరికాయి. తెల్లవారేసరికి బ్లడ్‌బ్యాంకు కాపలాదారు గొంతు తెగి ఉంది. పక్కనే ఖాళీ సిరంజి."

"విషమా?"

"మామూలు టెస్టులకు దొరకని విషం. రక్తకణం చుట్టూ ఉండే పొరను వదులు చేస్తుంది. సంచిలో ఉన్నంతసేపు కణం కులాసాగానే ఉంటుంది. ఒంట్లోకి ఎక్కి గుండె కొట్టే ఒత్తిడి తగలగానే పిగిలిపోతుంది. ఆ పొర బిగువు చూసే మెషీన్ మీ అన్నయ్య ల్యాబ్‌లోనే ఉంది. నాలుగు సంచుల్లోంచీ ఒక్కో గొట్టం నమూనా తీసి ఆయనే అక్కడికి తీసుకెళ్తున్నాడు."

"నడిపే మనిషి పోయాడుగా సర్."

"ఇంకొకరున్నారు. మీ వదిన."

"ఆవిడకు చెప్పారా?"

"చెప్పాం. 'ఐసు కరక్కముందే పెట్టె పంపండి' అంది." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇదంతా చేయిస్తున్న ముఠాలో మన వేగు ఒకామె ఉంది, పేరు నెమలి. ఒకటో నెంబరు, నాలుగో నెంబరు సంచుల్లో విషం ఉందంటోంది. నాకు మెషీన్ మాట కూడా కావాలి. నెమలి ల్యాబ్‌కు వస్తుంది. డాక్టర్లు పదకొండున్నర దాకా ఆగుతారు. ఆ తర్వాత ఏది చేతికందితే అది ఎక్కిస్తారు. నువ్వు ఏ వేషంలో వెళ్తున్నావు?"

"గ్యాస్ కంపెనీ మనిషిగా."

"నెమలికి చెబుతాను."

నీలం చొక్కా, అంటించిన మీసం, చేతిలో ద్రవ నైట్రోజన్ ఉన్న స్టీలు క్యాను. డేగ వెనక మెట్లు సగం ఎక్కేసరికి నేల తుడుస్తున్న ఇద్దరు తలెత్తారు. ఇద్దరి కాళ్ళకూ మెరిసే తోలు బూట్లు!

ఒకడి తుడుపు కర్రలోంచి కత్తి బయటికొచ్చింది. డేగ క్యాను కిందపెట్టి పక్కకు ఒరిగాడు. కత్తి గోడను గీరింది. ఆ మణికట్టు పట్టుకుని రెయిలింగుకేసి కొట్టాడు. ఎముక ఫటుక్కుమంది. రెండోవాడు వెనకనుంచి మెడకు తీగ బిగించాడు. కళ్ళముందు చీకట్లు కమ్ముతుంటే డేగ రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి వెనక్కి విరుచుకుపడ్డాడు. ఇద్దరూ పన్నెండు మెట్లు దొర్లారు. కిందపడ్డ వాడి పుర్రె చప్పుడు కొబ్బరికాయ పగిలినట్టు వినిపించింది. మణికట్టు విరిగినవాడు ఎడమచేత్తో పిస్టల్ తీశాడు. డేగే ముందు కాల్చాడు.

ల్యాబ్ తలుపు తట్టాడు.

"చలి ఎంత?" లోపల్నుంచి ఆడగొంతు.

"మైనస్ నూట తొంభై ఆరు."

తలుపు తెరుచుకుంది. వదినకు యాభై దాటాయి. తెల్లకోటు, బిగించిన ముడి. ఐసుపెట్టె మీద ఎండిన నెత్తురును కోటు అంచుతో తుడుస్తోంది. అది ఎవరి నెత్తురో ఇద్దరికీ తెలుసు.

"ఆ మీసం తీసెయ్ చిన్నోడా. చూడలేకపోతున్నా," అంది.

"వదినా..."

"తర్వాత ఏడుద్దాం. ముందు ఇది చూడు. ఇది కొవ్వు అణువు. దీనికి ఒంటరి ఎలక్ట్రాన్‌ ఉన్న ముక్కను తగిలించాం. స్పిన్ లేబుల్ అంటారు. నీలాంటి వేగుగాడనుకో. కొవ్వు కాబట్టి కణం పొర మనవాడే అనుకుని లోపలికి రానిస్తుంది. అయస్కాంతం మధ్య పెట్టి పలకరిస్తే, తెర మీద మూడు గీతలు పంపిస్తాడు. పొర బిగువుగా ఉంటే గీతలు లావుగా, బద్ధకంగా వస్తాయి. వదులైతే సన్నగా, సూదుల్లా లేస్తాయి."

అప్పుడే నెమలి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, చేతులకు గుడ్డ తొడుగులు, తొడుగు మీదే పచ్చరాయి ఉంగరం. మూడేళ్ళ క్రితం ఒక సరిహద్దు స్టేషన్లో డేగ భుజంలోంచి గుండు తీసింది ఈమే. ఆ రాత్రిని అతను ఇంకా మరిచిపోలేదు.

"మీ అన్నయ్య సంగతి విన్నాను," అంది మెల్లగా. "నన్ను కూడా ఒక చెయ్యి వెయ్యనివ్వండి."

వదిన ఒక్కో నమూనాలోంచి కొంచెం నెత్తురు వేరే గొట్టంలోకి తీసి, స్పిన్ లేబుల్ కలిపి ఇస్తోంది. నెమలి గొట్టాలు తీసుకెళ్ళి మెషీన్ పక్కన పెడుతోంది. డేగ తలుపు కాస్తున్నాడు.

పదకొండూ పది. ఒకటో గొట్టం. తెర మీద గీతలే లేవు. చదునుగా, చచ్చినట్టు ఉంది.

"చెప్పానుగా," అంది నెమలి.

నాలుగో గొట్టం. అదే తంతు.

"పొర నాశనమైపోయింది. రెండు, మూడు ఎక్కించమని ఫోన్ చెయ్యండి. టైం లేదు!"

వదిన ముందుకు వంగింది. తెరనే చూస్తోంది.

"విషముంటే గీతలు పదునెక్కాలి. మాయం కాకూడదు. ఇక్కడ వేగుగాడి నోరే నొక్కేశారు. ఎవరో విటమిన్ సి పొడి కలిపారు. అది తగిలితే స్పిన్ లేబుల్ మూగబోతుంది." నెమ్మదిగా తల తిప్పింది. "గొట్టాలు మోసింది నువ్వేగా అమ్మాయ్?"

పచ్చరాయి ఉంగరం మూత కొద్దిగా తెరుచుకుని ఉంది. అంచున తెల్లపొడి. డేగ వేషం గురించి మెట్ల దగ్గర వాళ్ళకు ఎవరు చెప్పారో అతనికి అప్పుడర్థమైంది.

నెమలి పిస్టల్ అప్పటికే పేలింది. వదిన భుజం మీద ఎర్రమరక విచ్చుకుంది. ఆవిడ స్టూలు మీంచి పడిపోయింది. రెండో గుండు డేగ చెవి అంచును తెంపుకుపోయింది. అతను క్యాను మూత లాగి విసిరాడు. తెల్లటి పొగతో నైట్రోజన్ ఆమె చేతి తొడుగులోకి ఇంకింది. నెమలి కేక గోడలు దద్దరిల్లేలా లేచింది. వేళ్ళు బిగుసుకుపోయాయి, పిస్టల్ జారిపడింది. అయినా ఆగలేదు. ఎడమచేత్తో బల్ల మీద పగిలిన గొట్టం గాజుముక్క అందుకుని అతని కడుపులోకి పొడిచింది. డేగ గాజు పట్టిన చెయ్యినే పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తోశాడు. కిటికీ అద్దం బద్దలైంది. మూడంతస్తుల కింద సిమెంటు నేల.

అతను కిందికి తొంగిచూడలేదు.

"చిన్నోడా!" వదిన బల్ల పట్టుకుని లేచింది. "పెట్టెలో ఇంకా కాస్త నెత్తురుంది. నా కుడిచెయ్యి రావట్లేదు. నేను చెప్పినట్టు చెయ్."

ఒక చేత్తో కడుపు పట్టుకుని, రెండో చేత్తో ఆవిడ చెప్పినట్టు గొట్టం దింపాడు. పదకొండూ ఇరవై రెండు. ఆసుపత్రి ఫోన్ తెరిచి బల్ల మీద పెట్టాడు.

ఒకటో సంచి. మూడు గీతలు. లావుగా, బద్ధకంగా.

"మంచిది," అంది వదిన. "రెండోది కూడా కావాలి. ఒక్క సంచితో ఆయన నిలవడు."

నాలుగో గొట్టం. గీత మొదలైంది, చీమ నడకన.

"రెండో నెంబరు సంచి తగిలించాం," ఫోన్లో నర్సు గొంతు. "డాక్టర్‌గారు ఇంక ఆగలేనంటున్నారు. క్లిప్పు తీస్తున్నారు!"

"ఆగమనండి!" డేగ అరిచాడు.

మూడో గీత వంపు తిరిగింది. లావుగా.

"ఒకటీ నాలుగూ!" వదిన ఫోన్లోకి గావుకేక పెట్టింది. "రెండూ మూడూ ముట్టుకుంటే మనిషి దక్కడు!"

అవతల ఏదో టక్కుమంది.

"క్లిప్పు మళ్ళీ వేసేశారమ్మా," అంది నర్సు.

వదిన నేల మీద చతికిలబడింది. అప్పుడు ఏడ్చింది, మరిది భుజం మీద తల పెట్టి, వెక్కి వెక్కి.

రాయబారి బతికాడు. సంతకం ఆసుపత్రి మంచం మీదనుంచే చేశాడు. ఆ మర్నాడు పక్క పక్క మంచాల మీద కట్లతో పడుకుని మరిదీ వదినా పేపరు చూశారు. ఒప్పందం మొదటి పేజీ నిండా ఉంది. నాలుగో పేజీ అడుగున చిన్న వార్త: ల్యాబ్‌లో గ్యాస్ లీకై ప్రొఫెసర్ మృతి.

వదిన ఆ నాలుగు లైన్లూ రెండుసార్లు చదివింది.

"గ్యాస్ లీకా? ఇరవై ఆరేళ్ళలో ఒక్కనాడైనా వాల్వు సరిచూడకుండా ఇంటికి రాలేదాయన," అంది. "దేశరహస్యమైతే కానివ్వు చిన్నోడా. కనీసం గుండెపోటని రాయించమను మీ చీఫ్‌ని."