తలకిందుల చార్మినార్

పాల్వంచ దాటి సారపాక వైపు పోతుంటే, జామాయిల్ తోట చివర ఒక పెంకుటిల్లు ఉంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. ఆటోవాళ్లయితే హారన్ కూడా కొట్టరు. తాళం వేసిన ఆ ఇంట్లోంచి రాత్రిపూట చప్పుడు వస్తుంది మరి... గల్... గల్... గల్...

వెండి రూపాయలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. చచ్చిపోయిన హాతీరాం వచ్చి తన బిళ్లలు సర్దుకుంటున్నాడని పక్కనున్న లంబాడీ తండాలో అనుకుంటారు.

హాతీరాం బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. జీతం రాగానే అందరూ కిరాణా కొట్టుకు పోతే, ఆయన పాత నాణేల కోసం కంసాలి కొట్టుకు పోయేవాడు. అలా ఒక పెట్టె నిండా పోగేశాడు. 2006 వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. భార్య హేమ్లి తండాలో ఉన్న కూతురింటికి చేరింది. పెట్టె మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ పెట్టె మీద కిషన్‌లాల్ కన్ను.

ఇద్దరిదీ ఒకే గని, ఒకే పిచ్చి. కిషన్‌లాల్ ఎంత మంచి నాణెం తెచ్చి చూపించినా హాతీరాం నవ్వి, జేబులోంచి ఒక్కటే తీసేవాడు. నిజాం వెండి రూపాయి. చుట్టూ అక్షరాలు సరిగ్గానే ఉంటాయి, నడుమ చార్మినార్ తలకిందులు! టంకశాలలో ఎవరో చేసిన పొరపాటు. అలాంటిది ఇంకెక్కడా లేదని హాతీరాం గొప్ప. వేళ్ల మధ్య పట్టుకుని చూపించడమే తప్ప ఒక్కసారీ చేతికియ్యలేదు. ఆ పూట కిషన్‌లాల్‌కు అన్నం సయించేది కాదు.

పాడె లేచేటప్పుడు కూడా కిషన్‌లాల్ శవాన్ని చూడలేదట. పెట్టె ఎక్కడుందా అని చూశాడట!

ఇప్పుడేమో చచ్చినవాడు కూడా రోజూ ఆ రూపాయిని ముట్టుకుంటున్నాడంటున్నారు. దెయ్యమంటే అందరికీ భయం. కిషన్‌లాల్‌కు కుళ్లు.

ఒక రాత్రి ఆగలేక, బ్యాటరీ లైటు పట్టుకుని బయల్దేరాడు. తోటలో ఎండుటాకులు కాళ్ల కింద పటపటమన్నాయి. వెనక తలుపు గడియ తీసి ఉంది. చెయ్యి వేశాడు—

గల్...

ఆగిపోయాడు. లోపలి గదిలోనే... గల్... గల్...

"అన్నా..." అన్నాడు. "ఒక్కటే... గా ఒక్కటే ఇయ్యరాదే..."

చప్పుడు ఆగింది. లోపలికి పోయి లైటు వేశాడు. ఎర్రటి గుడ్డ... దాని నిండా వెండి కళ్లు... వాటి నడుమ తలకిందుల చార్మినార్! లైటు చేతిలోంచి జారి ఆరిపోయింది.

కిషన్‌లాల్ చెప్పేది ఇంతవరకే. "దెయ్యమే బిడ్డా, నా కండ్లతోని చూసిన. గా దిక్కు పోకుండ్రి," అంటాడు.

మిగతాది నాకు హేమ్లి చెప్పింది. నేను మిషన్ కుడతాను. తన పెళ్లినాటి రవిక వదులు చేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది. మీకు చెబుతున్నా, అంతే. వాళ్లు మాట్లాడుకున్నది లంబాడీలో. నేను తెలుగులో చెబుతున్నాను.

చీకట్లో ఒక చల్లటి చెయ్యి కిషన్‌లాల్ భుజం పట్టుకుంది.

"అరవకు కిషన్‌లాలూ... నేను, హేమ్లిని."

"నువ్వా వదినా! గిదేంది గీ యాళ్ల?"

ఆమె ఒంటి మీద ఉన్నది కాంచళి. తండాలో పెళ్లికూతురికి వెండి రూపాయలు కుట్టి ఇచ్చే రవిక.

"పెండ్లయిన ఏడాదే మీ అన్న దీని రూపాయలన్నీ కోసుకపోయి పెట్టెల పెట్టిండు. ఆయన పోగేసుడు గట్ల షురువైంది. దినాం వాటిని తుడిసేటోడు, మురిసేటోడు. నా మొకం సూడలే. ఇప్పుడు నావి నేను కుట్టుకున్న. మొగుడు పోయినదాన్ని, పగలు తొడుక్కుంటె తండా ఊకుంటదా? అందుకే చీకట్ల వస్తున్న."

కిషన్‌లాల్ వింటే కదా! లైటు తడుముకుని వెలిగించి, ఆ రూపాయి మీదికే వేశాడు. వెంటనే లబోదిబోమన్నాడు.

"అయ్యో, అంచుకు బెజ్జం పెట్టినవా! పాడుజేసినవ్ గద వదినా!"

నాణేలు పోగేసేవాళ్లకు బెజ్జం పడిన రూపాయి రూపాయే కాదు.

"నేనేడ పెట్టిన? మా అమ్మ నా పెండ్లికి కుట్టినప్పటిది."

"మరి అన్న చూపిచ్చినప్పుడు లేకుండె..."

"ఎట్ల కనపడ్తది? బొటనేలు దాని మీదనే పెట్టి చూపిచ్చేటోడు గద."

కిషన్‌లాల్ అక్కడే కూలబడ్డాడు. ఇన్నేళ్లూ అన్నం మానేసి ఏడ్చింది ఈ చిల్లు రూపాయి కోసమా!

హేమ్లి పళ్లతో దారం కొరికి, ఆ రూపాయి ఆయన చేతిలో పెట్టింది.

"తీస్కపో నా సవతిని. మిగిలినయి నావే అనిపిస్తయి గని, గిదొక్కటి గుచ్చుతున్నది. నన్ను జూసినట్టు మాత్రం ఎవలకు చెప్పకు."

చెప్పలేదు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. అందుకే ఆ ఇంటికి చెడ్డపేరు ఇప్పటికీ పోలేదు.

మొన్న పని మీద కిషన్‌లాల్ ఇంటికి పోయాను. అక్కడ రామ్‌చందర్ ఉన్నాడు. కొత్తగా నాణేల పిచ్చి పట్టిన మనిషి. కిషన్‌లాల్ నవ్వి జేబులోంచి ఒక్కటే తీశాడు. చార్మినార్ తలకిందులు. రామ్‌చందర్ మొహం మాడిపోయింది.

"కాకా... ఒక్కసారి చేతికియ్యవా?"

"ఊహూ," అన్నాడు కిషన్‌లాల్.

నేను కిషన్‌లాల్ బొటనవేలు వైపే చూశాను. కదపలేదు.