తేడా రాని తూకం

“ఆ సిలిండర్ మారిపోయిందంటే పదేళ్ళపాటు దేశమంతా తప్పు రీడింగే,” అన్నాడు చీఫ్. “పది గంటలకు సీలు వేస్తారు. ముఠాకు లోపలి నుంచి ఎవడో సాయం చేస్తున్నాడు. మన డబుల్ ఏజెంట్ అక్కడే ఉంటుంది.”

ఏజెంట్ 42 సిలిండర్లు మోసే కూలీ వేషంలో లాబొరేటరీలో దిగాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే యంత్రాలన్నిటికీ ఇక్కడి తల్లి సిలిండరే ప్రమాణం. పైన రాసినదానికంటే లోపల ఆ గ్యాస్ ఎక్కువుంటే యంత్రాలన్నీ తక్కువ చూపిస్తాయి. ముఠా ఫ్యాక్టరీలు ఎంత పొగ వదిలినా అడిగే దిక్కుండదు.

ముత్యాల హారం వేసుకున్న విదేశీ ఇన్‌స్పెక్టర్ అతని పక్కన ఆగింది.

“గాలి బరువెంత?”

“తూచేవాళ్ళనడగాలి.”

కోడ్ కలిసింది. డబుల్ ఏజెంట్ ఈవిడే. వాల్వ్‌కు గుడ్డ చుట్టిన సిలిండర్ చూపించింది. “ఖాళీది. నా వ్యాన్‌లో పెట్టు.” పెట్టాడు.

తొమ్మిది యాభై. త్రాసు మీది తల్లి సిలిండర్ నంబరు చూసి 42 వాచీలోని స్కానర్ అసలుదే అన్నట్టు పచ్చగా వెలిగింది. నూలు గ్లవ్స్ వేసుకున్న ఉద్యోగిని, అక్కడందరూ తూకాలక్క అనే ఆవిడ, రెండుసార్లు తూచింది. గ్లవ్స్ తీసేసింది.

“సంతకం పెట్టను.”

“తేడా వచ్చిందామ్మా?” అన్నాడు డైరెక్టర్.

“మిల్లీగ్రాము కూడా రాలేదు సార్. అదే నా బాధ. నిన్న సాయంత్రం ఇందులోని గ్యాస్ మూడుసార్లు పంపి రెగ్యులేటర్ శుభ్రం చేశాను. బరువు తగ్గాలిగా? తూచాకే రాసుకుంటాను కాబట్టి అది రిజిస్టర్‌కెక్కలేదు. ఇది నకిలీది. దీన్ని తయారుచేసినవాడు రిజిస్టర్ చూసి చేశాడు.”

“పైవాళ్ళు ఊరుకోరు. ఉద్యోగం పోతుంది.”

“పోనీండి. మా ఇంట్లో మొదట చదువుకున్నది నేను. తప్పు రాయడానికి చదివించలేదు మా నాన్న.”

ఇన్‌స్పెక్టర్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి అక్క నుదుటికి గురిపెట్టింది. దాని కొసన సన్నటి తుపాకీ గొట్టం. “పెట్టు. పదింటికి అసలుది గాల్లో కలిసిపోతుంది. ఇక మీకు ఇదే గతి.”

అక్క చేతులు కట్టుకుంది. “కాల్చుకో. అప్పుడూ రిజిస్టర్ ఖాళీగానే ఉంటుంది.”

వాల్వ్‌కు చుట్టిన గుడ్డ 42కు గుర్తొచ్చింది. తను మోసింది ఖాళీది కాదు. నేల మీద పడుకోబెట్టిన ఇంకో సిలిండర్‌ను కాలితో ఒక్క తోపు తోశాడు. అది దొర్లుకుంటూ పోయి ఇన్‌స్పెక్టర్ మడమలకు తగిలింది. ఆవిడ వెల్లకిలా పడింది. గుండు సీలింగ్‌లో దిగింది. అక్క ఆ చేతిని చెప్పుకాలితో తొక్కిపట్టింది.

“చూస్తావేం తమ్ముడూ, పరిగెత్తు.”

వ్యాన్‌లో గుడ్డ లాగాడు. వాల్వ్‌కు టైమర్. నాలుగు... మూడు... మరలు ఊడదీసి చేతిలోకి తీసుకునేసరికి దాని మీద ఒకటి ఉంది.

అసలు సిలిండర్ త్రాసెక్కింది. మూడుసార్లు పంపిన గ్యాస్‌కు ఎంత తగ్గాలో అంతే తగ్గింది. అక్క సంతకం పెట్టి, డైరెక్టర్ వైపు చూడకుండా పెన్నుకు మూత పెట్టుకుంది.

చీఫ్ ఫోన్ చేశాడు. “భేష్. అంత బరువు సిలిండర్‌ను ఆవిడ వ్యాన్‌కెక్కించిన వెధవెవడో కనుక్కో.”

42 అరచేతి బొబ్బలు చూసుకున్నాడు.

“కనుక్కున్నాను సార్. పనిమంతుడే.”