నాలుగు రంగుల పెళ్ళికూతురు

మలేషియాలో సుంగై సుమున్ అనే ఊళ్ళో పాత ఎస్టేటు గుమస్తా బంగళా ఒకటుంది. ఖాళీ ఇల్లు. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు... కుర్రకారు అసలే పోరు.

ఆ ఇంట్లోంచి ఈల వినిపిస్తుంది. సన్నగా, చెవిలో సూది గుచ్చినట్టు. విచిత్రమేమిటంటే, ముసలివాళ్ళకి వినిపించదు. పిల్లలు చెవులు మూసుకుంటుంటే పక్కన నడిచే తాతలు ఏ ఈల అని అడుగుతారు. అందుకే అక్కడున్నది వయసువాళ్ళనే పిలుస్తుందని పేరు పడింది.

ఈ సంగతి నాకు చెప్పింది ఫెలీషియా. క్లాంగ్‌లో నాతోపాటే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. సెలవుకి సొంతూరు సుంగై సుమున్ వెళ్ళినప్పుడు తనకే జరిగింది.

అప్పుడే చీకటి పడుతోందట. వాన వెలిసి రోడ్డంతా బురద. బంగళా మలుపులో తన మోటారుసైకిలు నెమ్మదించింది... ఈల మొదలైంది. తల తిప్పకూడదనుకుంటూనే తిప్పింది.

కిటికీలో ఒక మొహం.

పెళ్ళికూతురు. బుగ్గలు నీలం, పెదాలు ముదురు గులాబీ, కళ్ళుండాల్సిన చోట నల్లటి చదరాలు — ముక్కు లేదు.

బండి కాలువలో పడింది. ఫెలీషియా మణికట్టు విరిగింది.

పరుగున వచ్చి లేవదీసింది బంగళా వెనకింటి కూర్మమ్మ. ఆవిడ మొగుడి పేరు అప్పడు, ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. అటు పోవద్దని చెబితే వినరు కదా అని ఆయన నసిగాడట. గుమస్తా పెళ్ళాం చచ్చి దెయ్యమై ఆ ఇంట్లో తిరుగుతోందని ఊళ్ళో అందరికంటే ముందు చెప్పిందీ ఆయనే.

పిల్ల చెయ్యి వాచిపోవడం చూసి కూర్మమ్మకి ఒళ్ళు మండింది. మర్నాడు సాయంత్రం చీపురు, టార్చి పట్టుకుని ఒక్కతే బంగళాకి బయల్దేరింది. ఆవిడకి ఏ ఈలా వినిపించలేదు.

తలుపు ఓరగా ఉంది. లోపల నీలం వెలుగు... ఆ వెలుగు ముందు వంగి కూర్చున్న ఒక వీపు.

చీపురు ఎత్తింది. వీపు ఇటు తిరిగింది.

అప్పడు!

ఇక దాచలేక అంతా చెప్పుకున్నాడు. వాళ్ళ పెళ్ళి ఫొటోలు ఏనాడో వరదలో పోయాయి. ఆ వరదకి ముందే ఆయన కౌలాలంపూర్‌లో ఒక ఫొటోని ఫ్లాపీలోకి ఎక్కించాడు. ఆ ఫ్లాపీ ఇప్పటి కంప్యూటర్లకి పనికిరాదు. అందుకని ఎవరో పారేసిన పాత కంప్యూటర్ తెచ్చుకున్నాడు. పాత సామాను గుమ్మం దాటి రానివ్వనని పెళ్ళాం ఒట్టు పెట్టుకుంది కాబట్టి, ఇంటి నుంచి వైరు లాగి బంగళాలో పెట్టాడు. ఎవరూ తొంగిచూడకుండా దెయ్యాన్ని పుట్టించాడు. ఈల మాత్రం ఆయన పని కాదు, ఆ కాలపు మానిటర్‌ది. ముసలి చెవులకి అందని మోత అది. ఆయనకీ అందలేదు. కుర్రాళ్ళు తన కథ నమ్మి ఊహించుకుంటున్నారనుకున్నాడు.

కూర్మమ్మ తిట్టలేదు. చీపురు కింద పడేసి తెర దగ్గరికి వంగింది.

"ఇది నానేటి? నా ముక్కేదీ?"

ఆ కంప్యూటర్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి నాలుగే రంగులు వచ్చునని చెప్పాడు అప్పడు. నలుపు, తెలుపు, నీలం, గులాబీ. ఫొటోలో ఉన్న ఛాయలన్నీ ఆ నాలుగింట్లోనే ఇరుక్కోవాలి. రెండొందల యాభయ్యారు రంగుల కార్డు పెనాంగ్‌లో దొరుకుతుంది, దానికి మానిటర్ కూడా మార్చాలి.

"అయితే బేగి తెప్పించు లా," అంది, మలేషియావాళ్ళందరిలాగే చివర 'లా' తగిలించి.

కార్డు వచ్చింది, మానిటర్ వచ్చింది. ఊళ్ళో ఈల ఆగిపోయింది. ఫెలీషియాకి క్షమాపణ చెప్పి, బొమ్మ చూడ్డానికి రమ్మని పిలిచారు. కట్టు కట్టిన చేత్తోనే వెళ్ళింది.

బొమ్మ పైనుంచి గీత గీతగా దిగుతోంది. వెనక ఆ బంగళా వరండాయే, పెళ్ళి అక్కడే జరిగింది. నాలుగు రంగుల్లో వరండా తలుపు ఉత్త నల్లటి మచ్చ. ఇప్పుడా నలుపు విడుతోంది... గోధుమరంగు వేరైంది... ముదురాకుపచ్చ వేరైంది...

ఆకుపచ్చ చీర. తలుపు దగ్గర ఒక ఆడమనిషి.

ఆ కింద కూర్మమ్మ ముక్కు, ముక్కుపుడక, అన్నీ చక్కగా వచ్చాయి. వాటికేసి ఎవరూ చూడలేదు.

"ఎవత్తది?" కూర్మమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఎవులూ లేరే కూర్మా... ఆ దినం తలుపుకి తాళం ఏసినారు." అప్పడు కుర్చీ వెనక్కి జరిపాడు. "ఇది... దెయ్యమే."

"దెయ్యమైతే నీకేసి సూసి నవ్వుతాదేటి?"

అప్పడు మెల్లిగా కుర్చీలోంచి లేచాడు. అడుగులో అడుగేసుకుంటూ వచ్చి ఫెలీషియా వెనకాల నక్కాడు.

బొమ్మలో ఆవిడ... ఆయన కనబడేలా కాస్త పక్కకి వంగింది.